తూటా గాయానికి ఏ కోడ్ వేయాలి

హైదరాబాద్‌లో రాత్రి రెండు గంటలు దాటింది. అమెరికాలోని ఒక ఆస్పత్రి అత్యవసర విభాగం నుంచి వచ్చిన చార్టు నా మానిటర్ మీద తెరుచుకుంది. ఎడమ తొడకు తూటా గాయం, ఎముక విరగలేదు, పెద్ద రక్తనాళాలకు దెబ్బ తగలలేదు, గాయం శుభ్రం చేసి టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి కొన్ని గంటల తర్వాత ఇంటికి పంపారు. గాయానికి కారణం గురించి డాక్టరు నోట్సులో ఉన్నది ఒక్కటే ముక్క: జీఎస్‌డబ్ల్యు. తుపాకీ గాయానికి అక్కడి వైద్యులు వాడే పొట్టి రాత అది. ఎవరో కాల్చారా, తనంతట తాను కాల్చుకున్నాడా, తుడుస్తుంటే పేలిందా అన్నది ఎక్కడా లేదు. చార్టులోని జబ్బులకు, గాయాలకు బిల్లు కోసం కోడ్ నంబర్లు వేసే మెడికల్ కోడింగ్ నా పని. అప్పటికి నేను ఈ పనికి కొత్త. పక్క సీటులో ఉన్న టీమ్ లీడ్‌ను అడిగాను. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడు. తన చార్టు మీంచి చూపు తిప్పకుండానే, "ఇంటెంట్ రాయలేదు కదా అక్కా, గైడ్‌లైన్ ప్రకారం యాక్సిడెంటే వేసెయ్యండి" అన్నాడు. డబ్ల్యు 34.00 ఎక్స్ఏ అని వేశాను. ఏ రకానిదో తెలియని తుపాకీ ప్రమాదవశాత్తు పేలడం, తొలి చికిత్స అని దానికి అర్థం. వేసి, తరువాతి చార్టు తెరిచాను.

ఆ అబ్బాయి చెప్పింది తప్పు కాదు. జబ్బులకు, గాయాలకు అమెరికాలో వాడే కోడ్ల పట్టిక ఐసీడీ-10-సీఎం నియమావళిలో, బాహ్య కారణాల అధ్యాయం కింద ఆ మాట స్పష్టంగానే ఉంది. గాయం వెనుక ఉద్దేశం ఏమిటో తెలియకపోయినా, చార్టులో రాయకపోయినా దానిని ప్రమాదంగానే కోడ్ చేయాలి. ఉద్దేశం తేలలేదని చెప్పే కోడ్లు వేరుగా ఉన్నాయి గానీ, తేల్చడం సాధ్యం కాలేదని వైద్యుడే రాసినప్పుడు తప్ప వాటిని ముట్టుకోకూడదు. మెట్ల మీంచి జారిపడ్డవారికి, కూరగాయలు తరుగుతూ వేలు కోసుకున్నవారికి ఈ నియమం చక్కగా సరిపోతుంది. తూటా గాయం సంగతి వేరు. కాల్చినవాడి పేరు చెబితే మళ్లీ కాలుస్తాడని భయపడేవాడు, పోలీసుల మీద నమ్మకం లేనివాడు, తానే ఏదో కేసులో ఇరుక్కుంటానేమోనని వెనకాడేవాడు అత్యవసర విభాగంలో నోరు విప్పరు. వైద్యుడికి ఆ క్షణంలో కావలసింది రక్తం ఆపడం. ఆ ఇద్దరూ రాయకుండా, చెప్పకుండా వదిలేసినది నా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం అనే కోడుగా మారుతుంది.

ఇందులో ఉన్న తేడా ఎంత పెద్దదో నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది ఆత్మహత్య చేసుకున్నవారు, 20,958 మంది హత్యకు గురైనవారు. ప్రమాదవశాత్తు తూటా తగిలి చనిపోయినవారు ఆరు వందల కంటే తక్కువ, అంటే నూటికి ఒకరు. మరణం సంభవిస్తే శవపరీక్ష ఉంటుంది, దర్యాప్తు ఉంటుంది, కాబట్టి ఆ లెక్కను చాలావరకు నమ్మవచ్చు. బతికి బయటపడినవారి లెక్క మాత్రం ఆస్పత్రి కోడ్ల నుంచి వస్తుంది. ఆ లెక్కలో ప్రమాదాల వాటా ఒక్కసారిగా ఉబ్బిపోతుంది. మూడు అమెరికన్ ఆస్పత్రుల రికార్డులను తిరిగి చదివి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నిజానికి దాడి వల్ల అయిన తూటా గాయాలలో సుమారు 28 శాతం ప్రమాదాలుగా నమోదై ఉన్నాయని తేలింది. ఆ పనిచేసింది నాలాంటి కోడర్లే. ఆ అధ్యయనం చదివిన రాత్రి నేను నా పాత పనిని తలచుకుని చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. గంటకు పదిహేను, ఇరవై చార్టులు పూర్తి చేయాలన్న టార్గెట్ మధ్య నేను అలా ప్రమాదం అని కొట్టేసినవి ఎన్ని ఉంటాయో!

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాసి ఈ పనిలోకి వచ్చిన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. అమెరికాలో తుపాకీ హింస మనకు సంబంధం లేని విషయమని వారిలో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ దేశం తన గాయాల గురించి తెలుసుకునే దారిలో ఒక మలుపు దగ్గర మనం కూర్చుని ఉన్నాం. తుపాకీ హింస గురించి ఇన్నేళ్లుగా నేను చదివినదాన్ని బట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఎవరు, ఎక్కడ, ఎవరితో తగాదాలో, ఏ తుపాకీతో, ఆ తుపాకీ ఎవరి చేతుల మీదుగా వచ్చి కాల్చారో ఓపికగా రాసుకున్న ఊళ్లలో ఆ హింస తగ్గింది. రాయవద్దు, చూడవద్దు, ఇతరులకు చూపవద్దు అని చట్టసభలు తీర్మానించిన చోట, ఏం చేస్తే తగ్గుతుందో చెప్పగలవాళ్లు కూడా కరువయ్యారు.

ముందుగా తుపాకీతో సంబంధం లేని ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే అందులో నాకు నా బల్ల కనిపిస్తుంది. బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే ముఖ, దవడ శస్త్రవైద్యుడు, పగిలిన గాజుగ్లాసులతో చీరుకుపోయిన ముఖాలకు కుట్లు వేస్తూ వేస్తూ, వీటిలో చాలావాటి సంగతి పోలీసులకు తెలియనే తెలియదని గమనించాడు. ఆయన పరికరాలేవీ కనిపెట్టలేదు. అత్యవసర విభాగం ముందు గదిలో పేరు, వయసు రాసుకునే రిసెప్షన్ గుమస్తా చేత మరికొన్ని ప్రశ్నలు అడిగించాడు: ఎక్కడ జరిగింది, ఏ సమయంలో, దేనితో కొట్టారు. పేర్లు తీసేసిన ఆ వివరాలను ప్రతి నెలా పోలీసులకు, పురపాలకులకు ఇచ్చారు. ఏ వీధిలో, ఏ మద్యశాల ముందు, శనివారం ఏ వేళకు గొడవలు ముదురుతున్నాయో వారికి తెలిసింది, దాన్ని బట్టి గస్తీ మారింది. ఇలాంటి 14 నగరాలతో పోల్చి చూసి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హింస వల్ల ఆస్పత్రిలో చేరేవారు ఆ నగరాలతో పోలిస్తే కార్డిఫ్‌లో 42 శాతం తగ్గారు. ఒక గుమస్తా అడిగిన మూడు ప్రశ్నలతో మొదలైన పని అది. తరువాత అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా ఈ పద్ధతిని తీసుకుని, ఇతర ఆస్పత్రులు వాడుకునేలా మార్గదర్శకాలు తయారుచేసింది.

అదే సీడీసీ తుపాకీ గాయాల విషయంలో దాదాపు పాతికేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ అనే అత్యవసర వైద్యుడు, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. ఆ పరిశోధనకు డబ్బు ఇచ్చింది సీడీసీ. తుపాకీ యజమానుల సంఘమైన ఎన్ఆర్ఏ సీడీసీలోని గాయాల నివారణ విభాగాన్నే మూసేయించాలని పట్టుబట్టింది. మూత పడలేదు గానీ, 1996లో అర్కాన్సాస్ ప్రతినిధి జే డిక్కీ పేరుతో బడ్జెట్‌లో ఒక వాక్యం చేరింది. గాయాల నివారణకు కేటాయించిన డబ్బును తుపాకీ నియంత్రణను సమర్థించడానికి, ప్రోత్సహించడానికి వాడరాదని దాని సారాంశం. దాంతోపాటు బడ్జెట్ నుంచి 26 లక్షల డాలర్లు కోశారు. అంతకు ముందు ఏడాది తుపాకీ గాయాల పరిశోధనకు అక్కడ ఖర్చయింది సరిగ్గా అంతే. కోసిన మొత్తాన్ని మెదడు గాయాల పరిశోధనకు మళ్లించారు.

ఆ వాక్యం పరిశోధనను నిషేధించలేదని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. అక్షరాలా చూస్తే నిజమే. అయితే ఏ ఫలితం వస్తే సమర్థించినట్టు అవుతుందో ఎవరికీ తెలియనప్పుడు, ఆ విషయం జోలికి వెళ్లిన అధికారికి ఉద్యోగ భయం, వెళ్లిన విద్యార్థికి గ్రాంటు దొరకదన్న భయం పట్టుకుంటాయి. ఒక తరం పరిశోధకులు వేరే విషయాలు ఎంచుకున్నారు. జే డిక్కీ స్వయంగా తరువాత మనసు మార్చుకున్నారు. అప్పట్లో తన ఎదుటి పక్షాన నిలిచిన సీడీసీ అధికారి మార్క్ రోజెన్‌బర్గ్‌తో కలిసి 2012లో ఒక పత్రికా వ్యాసం రాసి, ఈ పరిశోధన జరగాలని కోరారు. ఇలా తన పేరు మీద ఉన్న చట్టం వల్ల జరిగిన నష్టాన్ని పేరు పెట్టి ఒప్పుకున్న రాజకీయ నాయకుడంటే నాకు గౌరవం. 2017లో ఆయన చనిపోయారు. ఆ డబ్బు తిరిగి వచ్చింది 2019 డిసెంబరులో: సీడీసీకి, ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కు కలిపి 2.5 కోట్ల డాలర్లు. ఆ మధ్యకాలంలో కార్ల సీటు బెల్టుల మీద, రోడ్ల వంపుల మీద, తాగి నడపడం మీద పరిశోధనలు ఆగకుండా సాగాయి. 2020 నాటికి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ల లోపు పిల్లల ప్రాణాలు తీయడంలో తుపాకులు వాహన ప్రమాదాలను దాటిపోయాయి.

పరిశోధన అంటే చాలామంది ఊహించుకునేది పట్టికలు, శాతాలు. నాకు మాత్రం బాస్టన్‌లోని ఒక గది గుర్తుకొస్తుంది, నేను ఎన్నడూ చూడని గది. 1990ల మొదట్లో ఆ నగరంలో కుర్రవాళ్లు కుర్రవాళ్లను కాల్చుకుంటున్నారు. 1991 నుంచి 1995 వరకు, 24 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్నవారు ఏటా సగటున 44 మంది హత్యకు గురయ్యారు. 1995లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ కెన్నెడీ, ఆంథొనీ బ్రాగా, ఆన్ పీల్ అనే ముగ్గురు అక్కడి పోలీసులతో కలిసి పని మొదలుపెట్టారు. అంతకు ముందు అయిదేళ్లలో తుపాకీతోనో కత్తితోనో చంపబడిన 21 ఏళ్ల లోపు 155 మంది జాబితా తీసుకున్నారు. పోలీసు అధికారులను, ప్రొబేషన్ అధికారులను, వీధుల్లో కుర్రవాళ్లతో తిరిగే సామాజిక కార్యకర్తలను ఒకచోట కూర్చోబెట్టి ఒక్కొక్క పేరూ చదివారు. ఈ అబ్బాయిని ఎవరు చంపారు, ఎందుకు చంపారు, వీడు ఎవరి తాలూకు, వాళ్లకు ఎవరితో పగ? కేసు ఫైలులో లేనిదంతా ఆ మనుషుల నోట్లో ఉంది.

గోడ మీద పటం గీసి చూస్తే తేలింది ఇది: నగరంలో మొత్తం 61 ముఠాలు, అందులో 1,300 మంది వరకు కుర్రవాళ్లు. ఆ వయసున్నవారిలో నూటికి ఒకరు కూడా లేరు. కనీసం 60 శాతం హత్యలు వాళ్ల మధ్య పగల వల్లే జరిగాయి. చంపినవారిలోనూ చచ్చినవారిలోనూ దాదాపు నాలుగింట మూడు వంతుల మంది అంతకు ముందే కోర్టు మెట్లెక్కినవారు. ఊరంతా కుర్రవాళ్లు చెడిపోయారన్న మాట అబద్ధమని తేలిపోయింది. కొద్దిమంది చంపుకుంటున్నారు, ఆ కొద్దిమంది ఒకరికొకరు భయపడి తుపాకులు పెట్టుకుంటున్నారు. మన రాయలసీమలో ఒక ఇంటి పగ నాలుగు ఊళ్లను ఎలా వణికించిందో విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు.

ఆ పరిశోధకులు రెండో ప్రశ్న కూడా అడిగారు, నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచే ప్రశ్న: ఈ తుపాకులు ఎక్కడివి? మసాచూసెట్స్‌లో చట్టాలు గట్టివి కాబట్టి ఇవన్నీ దక్షిణాది రాష్ట్రాల నుంచి వస్తున్నాయని, లేదా ఇళ్లలో దొంగతనం చేసిన పాత తుపాకులని అప్పటివరకు అందరూ అనుకునేవారు. కుర్రవాళ్ల దగ్గర స్వాధీనం చేసుకున్న 1,550 తుపాకుల వివరాలు తీశారు. పుట్టుపూర్వోత్తరాలు దొరికినవాటిలో మూడింట ఒక వంతు మసాచూసెట్స్ రాష్ట్రంలోనే మొదట అమ్ముడైనవి. నాలుగింట ఒకటికి పైగా దుకాణం దాటి రెండేళ్లు కూడా కానివి. అయిదింట ఒకదానికి సీరియల్ నంబరు గీకేసి ఉంది. ఈ చివరి సంగతి గురించి ఒక్క క్షణం ఆలోచించాలి. ఇల్లు దోచి తుపాకీ ఎత్తుకొచ్చినవాడికి నంబరు గీకవలసిన అవసరం పెద్దగా లేదు, ఎందుకంటే ఆ నంబరు దారి తీసేది సొమ్ము పోగొట్టుకున్న యజమాని దగ్గరికి. నంబరు చెరపవలసిన అవసరం దుకాణంలో తన పేరు మీద కొని, వీధిలో ఇంకొకరికి అమ్మినవాడికి ఉంటుంది. మనం బినామీ అంటాం కదా, అదే. లోహం మీద ఆకురాయి గీతలను చూసి, ఈ వ్యాపారం ఎలా నడుస్తోందో చదివారు వాళ్లు.

1996 మే నెలలో ముఠాలవాళ్లను కోర్టు గదికి పిలిపించి, పోలీసులు, ప్రాసిక్యూటర్లు, పాస్టర్లు, సామాజిక కార్యకర్తలు ఎదురుగా నిలబడి నేరుగా మాట్లాడారు. చంపడం ఆగాలి, మీలో ఒక్కడు తుపాకీ పేల్చినా ముఠా మొత్తం మీద అన్ని శాఖలూ కలిసి పడతాయి, చదువో పనో కావాలంటే ఇదిగో ఈ మనిషిని అడగండి అన్నారు. ఒక పోస్టరు కూడా వేశారు. అందులో వారందరికీ తెలిసిన ఒక వీధి నాయకుడి ఫొటో, దాని కింద అతని దగ్గర దొరికిన వస్తువు: ఒక్క తూటా. పాత నేర చరిత్ర వల్ల ఆ ఒక్క తూటాకే ఫెడరల్ కోర్టులో 19 ఏళ్ల 7 నెలల శిక్ష పడింది. ఆ శిక్ష న్యాయమైనదా అని నన్ను అడిగితే కాదనే అంటాను, ఒక తూటాకు ఇరవై ఏళ్లు ఏ తూకంతోనూ సరిపోవు. అయితే ఆ గదిలోంచి వచ్చిన ఫలితాన్ని నేను కాదనలేను. 1996లో ఆ వయసువారి హత్యలు 26కు, 1997లో 15కు తగ్గాయి.

దేశమంతటా హత్యలు తగ్గుతున్న కాలం అది, కాబట్టి ఇదంతా ఆ సమావేశాల ఘనతే అనడానికి ఆధారం చాలదని 2004లో అమెరికా జాతీయ పరిశోధన మండలి హెచ్చరించింది. ఆ హెచ్చరిక సబబైనదే. అయితే 2000 తర్వాత బాస్టన్‌లో ఈ పనిని వదిలేశారు, హత్యలు మళ్లీ పెరిగాయి, 2007లో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పిలిపించి మాట్లాడిన ముఠాలను, అదే నగరంలో పిలవని ముఠాలతో పోల్చి చూశారు. పిలిచిన ముఠాల కాల్పులు 31 శాతం ఎక్కువగా తగ్గాయని 2014లో ప్రచురించారు. ఆపి చూశారు, మళ్లీ మొదలుపెట్టి చూశారు, పోల్చి చూశారు. నన్ను ఒప్పించింది ఈ రెండో విడతే. 2024లో బాస్టన్ నగరం మొత్తం మీద జరిగిన హత్యలు 24, అంటే 1957 తర్వాత అతి తక్కువ.

ఇలాంటి పని ప్రతి నగరంలోనూ ఎందుకు జరగదని ఎవరికైనా అనిపిస్తుంది. తుపాకీ జాడ తీసే పద్ధతే ఆ ప్రశ్నకు కొంత సమాధానం. పోలీసులు స్వాధీనం చేసుకున్న తుపాకీ నంబరు వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలోని ప్రభుత్వ కేంద్రానికి వెళుతుంది. అక్కడి సిబ్బంది తయారీదారును అడుగుతారు, అక్కడి నుంచి టోకు వ్యాపారిని, అక్కడి నుంచి దుకాణాన్ని. చివరికి దుకాణంలో మొదట కొన్నవాడు సంతకం చేసిన ఒక ఫారం దగ్గర ఆ దారి ముగుస్తుంది. మూతపడ్డ దుకాణాల కాగితాలు పెట్టెలకొద్దీ అక్కడికే చేరతాయి. వాటిని స్కాన్ చేస్తారు గానీ, కొనుగోలుదారు పేరుతో వెతికేలా కంప్యూటర్‌లో పెట్టకూడదు, ఎందుకంటే తుపాకీ యజమానుల జాతీయ జాబితా తయారుచేయడాన్ని 1986 నాటి చట్టం నిషేధించింది. ఒక్కొక్క పేజీ తిప్పి చూడవలసిందే. తెలంగాణలో భూమి ఈసీ తీయడానికి ఇంతకంటే తక్కువ సమయం పడుతుంది.

అలా తీసిన జాడలను కూడా బయటివారు చూడకుండా 2003లో టియార్ట్ సవరణ అనే బడ్జెట్ షరతు అడ్డుకుంది. అంతకు మూడేళ్ల ముందు, 2000లో, ప్రభుత్వమే ప్రచురించిన నివేదికలో ఒక అంకె ఉంది: జాడ దొరికిన నేరపు తుపాకులలో 57 శాతం కేవలం 1.2 శాతం దుకాణాల నుంచి వచ్చాయి. దేశంలోని దాదాపు 83,200 దుకాణాలలో వెయ్యికి కాస్త పైన. ఎక్కువ అమ్మే దుకాణం నుంచి ఎక్కువ తుపాకులు వస్తాయి కదా అని అడగవచ్చు, ఆ ప్రశ్న సరైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఏ దుకాణం ఎన్ని అమ్మిందో, ఎన్ని ఎంత త్వరగా నేరంలో తేలాయో పక్కపక్కన పెట్టి చూడాలి. పెట్టి చూడగలిగినవారి ముందు తలుపు వేసేశారు. 1995లో బాస్టన్ పరిశోధకుల చేతికి అందిన రకం సమాచారం ఆ తరువాతి పరిశోధకులకు చాలాకాలం అందలేదు.

నేరస్థులు చట్టాలను పాటించరు, కాబట్టి దుకాణాల మీద నియమాలు పెట్టి లాభం లేదని నాతో వాదించినవారు అమెరికాలోనూ ఇక్కడా ఉన్నారు. వారు చూపే ఆధారం నిజమైనదే. 2016లో ఖైదీలను అడిగి చేసిన ప్రభుత్వ సర్వేలో, నేరం చేసినప్పుడు తుపాకీ ఉన్నవారిలో 43 శాతం మంది అది వీధిలో, చీకటి బజారులో దొరికిందన్నారు. పాతిక శాతం మంది బంధువులు, స్నేహితుల దగ్గర తీసుకున్నామన్నారు. దుకాణంలో కొన్నవారు పది శాతమే. అయితే వీధిలో అమ్మిన తుపాకీ వీధిలో పుట్టలేదు. దాదాపు ప్రతిదీ ఏదో ఒక రోజున ఒక దుకాణం బల్ల మీద, ఒక ఫారం మీద సంతకంతో చేతులు మారిందే. ఆ సంతకం పెట్టే బినామీకి పని ఎంత కష్టమైతే వీధిలో ధర అంత పెరుగుతుంది. షికాగోలో ఫిలిప్ కుక్, ఆయన సహచరులు చేసిన క్షేత్ర పరిశోధనలో ఆ బజారు మనం అనుకున్నంత జోరుగా నడిచేది కాదని తేలింది. అమ్మేవాడు ముక్కూమొహం తెలియనివాడికి అమ్మడు, మధ్యవర్తికి కమీషన్ ఇవ్వాలి, దుకాణంలో చవకగా దొరికే నాసిరకం పిస్తోలుకు ఇక్కడ కొన్ని రెట్లు అడుగుతారు, డబ్బు తీసుకుని మాయమయ్యేవాళ్లూ ఉంటారు. మిస్సోరి రాష్ట్రం 2007 ఆగస్టులో, చేతి తుపాకీ కొనేముందు తీసుకోవలసిన అనుమతి పత్రాన్ని రద్దు చేసింది. డేనియల్ వెబ్‌స్టర్, ఆయన సహచరుల లెక్క ప్రకారం ఆ తర్వాత అక్కడ తుపాకీ హత్యల రేటు పాతిక శాతం వరకు పెరిగింది. నేరస్థులు ఆ అనుమతి పత్రం తీసుకుని ఉండరు, నిజమే. వారికి కొనిపెట్టినవారు తీసుకోవలసి వచ్చేది.

మిస్సోరి పేరు నేను కావాలనే తెచ్చాను. 2018 జూలైలో ఆ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో, రెస్టారెంటులో పనిచేస్తున్న వరంగల్ విద్యార్థిని కాల్చి చంపారు. అంతకు ఏడాది ముందు పక్కనే ఉన్న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో, హైదరాబాద్ ఇంజినీరును జాతి ద్వేషంతో కాల్చి చంపారు. 2024 నవంబరులో షికాగోలో గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం జిల్లా విద్యార్థి, 2025 అక్టోబరులో డల్లాస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్‌లోనే హైదరాబాద్ యువకుడు. ప్రతిసారీ నేను తెలుగు వార్తలు ఆసాంతం చదివాను. తల్లిదండ్రుల రోదన, భౌతికకాయాన్ని రప్పించే ఏర్పాట్లు, విరాళాల సేకరణ, మంత్రుల సంతాపం కనిపించాయి. తుపాకీ ఎక్కడిదన్న ప్రశ్న నాకు ఎక్కడా కనిపించలేదు.

మా అమ్మవాళ్ల వీధిలోనూ ఒక ఇల్లు అలాంటి వార్త విన్నది. పేరు, ఊరు రాయను. పెట్టె వచ్చేవరకు పది రోజులు పైగా ఆ ఇంటి ముందు కుర్చీలు వేసే ఉన్నాయి. వచ్చినవాళ్లలో చాలామంది, ఈ పిల్లలు రాత్రిపూట ఆ బంకుల్లో పనులెందుకు ఒప్పుకోవాలి, వీసాలో లేని పని ఎందుకు చేయాలి అని గొంతు తగ్గించి అనుకున్నారు. అప్పు తీర్చడానికి చేస్తున్నాడని తెలిసినవాళ్లే ఆ మాట అన్నారు. ఆ అబ్బాయి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "నువ్వు అమెరికా ఆస్పత్రుల కాగితాలు చూస్తావు కదా తల్లీ, మా వాడికి ఎట్లా అయిందో నీకేమైనా కనపడతదా?" అని అడిగారు. కనపడదు పెద్దనాన్నా అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేకపోయాను.

ఆ రాత్రి షిఫ్టులో కూర్చుని, ఒకవేళ అలాంటి చార్టు నా దగ్గరికి వస్తే ఏం వేస్తానని ఆలోచించాను. దాడి అయితే ఎక్స్ 95.9. జరిగిన చోటుకు వై 92.524, అంటే గ్యాస్ స్టేషన్. దానికి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉందని చాలామందికి తెలియదు. ఆ సమయంలో జీతానికి పని చేస్తున్నాడని చెప్పడానికి వై 99.0. చివరి రెండూ వేయకపోయినా బిల్లుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు కాబట్టి చాలామంది వేయరు, వేసినందుకు ఎవరూ మెచ్చుకోరు. ఆ మూడూ పక్కపక్కన సక్రమంగా పడితే, ఏ నగరంలో, ఏ వేళకు, ఏ రకం దుకాణంలో పనిచేసేవారికి తూటాలు తగులుతున్నాయో లెక్క తీయవచ్చు. రాత్రి పది తర్వాత ఒక్కరినే కౌంటరులో ఉంచకూడదని, అద్దం అడ్డు పెట్టాలని యజమానిని నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది. పార్ట్‌టైమ్ పనులు మానండని పిల్లలకు చెప్పే తెలుగు సంఘాలు, ఆ లెక్కను తమ నగర ప్రభుత్వాల నుంచి అడిగే స్థాయిలో ఎప్పుడో ఉన్నాయి.

మన దేశంలో సమస్య మరో రూపంలో ఉంది. 2025 జనవరిలో బీదర్‌లో ఏటీఎం నగదు వాహనం మీద కాల్పులు జరిపిన దుండగులు, అదే రోజు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మళ్లీ తుపాకీ పేల్చారు. ఇక్కడ నేరాల్లో కనిపించేవాటిలో చాలావరకు బిహార్, ఉత్తరప్రదేశ్‌ల వైపు తయారయ్యే నాటు తుపాకులు, వాళ్లు కట్టా అనేవి. వాటిలో ముంగేర్ పేరు ముందుంటుంది. 18వ శతాబ్దంలో మీర్ ఖాసిం అక్కడ ఆయుధాల కార్ఖానా పెట్టించిన నాటి నుంచి ఆ ఊళ్లో ఆ పనితనం ఉంది. కట్టాకు నంబరే ఉండదు, గీకవలసిన పనే లేదు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, అక్రమ తయారీకి యావజ్జీవం వరకు శిక్ష పెంచాం. శిక్ష పెంచడం సులువు. పట్టుబడ్డ ప్రతి కట్టా గొట్టం, ట్రిగ్గరు, వెల్డింగు ఫొటోలు తీసి, ఏ చేతి పనితనమో పోల్చి, ఎవరి ద్వారా ఏ బస్సులో వచ్చిందో రాసిపెట్టి, పరిశోధకులకు చూడనివ్వడం అంతకంటే కష్టమైన పని. మనకు కావలసింది అదేనని నా అభిప్రాయం.

అమెరికాలో మళ్లీ గాలి మారుతోంది. 2025 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. వీధుల్లో పగలు చల్లార్చే కార్యకర్తల జీతాలకు వెళ్లే డబ్బు కూడా అందులో ఉంది. అదే నెలలో సీడీసీ గాయాల నివారణ విభాగంలో పెద్ద ఎత్తున ఉద్యోగాలు తీసేశారు. హత్యలు తగ్గుతున్నప్పుడు ఎందుకు తగ్గుతున్నాయో చూసే మనుషులను ఇంటికి పంపడం నాకు అర్థం కాని నిర్ణయం.

నా చేతిలో ఉన్నది చిన్న పని. చార్టులో ఉద్దేశం లేని తూటా గాయం వస్తే ఇప్పుడు నేను డబ్ల్యు 34 వేసి ముందుకు వెళ్లను. ముందు నర్సు నోట్సు, అంబులెన్సు సిబ్బంది రాసిన కాగితం, సోషల్ వర్కర్ నోట్సు చదువుతాను. చాలాసార్లు వాటిలో ఉంటుంది: నడుచుకుంటూ వెళ్తుంటే కారులోంచి కాల్చారని, ఎవరో తలుపు తట్టి కాల్చారని. కోడ్ వేయడానికి అక్కడ ఉన్నది చాలుతుందా లేదా అనుమానమైతే డాక్టరుకు క్వెరీ పంపుతాను. నా ప్రొడక్షన్ కాస్త తగ్గింది, క్వాలిటీ ఆడిటర్ రెండుసార్లు కారణం అడిగారు, చెప్పాను. టీమ్‌లో కొత్తగా చేరినవారికి నేను ట్రైనింగ్ ఇస్తున్నప్పుడు, బాహ్య కారణాల అధ్యాయానికి ఒక పూట ఎక్కువ తీసుకుంటాను.

పోయిన వారం అలా పంపిన ఒక క్వెరీకి, నా షిఫ్టు అయిపోయే వేళకు జవాబు వచ్చింది. బయట అప్పటికే పాలవాళ్ల బండ్లు తిరుగుతున్నాయి. డాక్టరు ఒక్క మాట రాశారు: అసాల్ట్. పాత కోడ్ చెరిపి ఎక్స్ 95.9 వేసి, చోటు అడిగే గడిలోకి వెళ్లాను.